ఎడమ అంచు

1981 జూన్ 14, ధర్మవరం

ఆయనను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. పక్షవాతం తగిలీ తగలనట్టు తగిలిందట. ఎడమ చెయ్యి కొంచెం బలహీనంగా ఉంటుంది, మాట బాగుంది, కాలు బాగుంది, అదృష్టవంతుడు అన్నాడు డాక్టరు. అదృష్టమట! మగ్గం నేసేవాడికి చెయ్యి పడిపోతే అదృష్టమా అని అడగబోయి ఊరుకున్నాను.

జట్కా దిగి తనే నడిచొచ్చాడు. వాకిట్లో ఎడమ భుజం తలుపురెక్కకు కొట్టుకుంది. “ఈ తలుపు ఎవురు జరిపినారు?” అని వాళ్ళమ్మ మీద అరిచాడు. తలుపును ఎవరైనా జరుపుతారా!

నాతో ఒక్క మాట లేదు. మంచం మీద ఆయన కుడి పక్క గోడ, ఎడమ పక్క నేను. సాయంత్రం దాకా గోడనే చూస్తూ పడుకున్నాడు. కోపం ఇంకా పోలేదన్నమాట. చెల్లెలి కాన్పుకు హిందూపురం పోయి, పది రోజులని చెప్పి నెల ఉన్నాను. నేను బస్సు దిగి ఇంట్లోకి వచ్చిన పూటే ఆయన మగ్గం గుంటలో పడిపోయాడు. మనిషి మంచాన పడినా పంతం మాత్రం పడిపోలేదు.

జూన్ 16

ఈ రోజూ మాట లేదు. సరే. నాకూ నోరు మూసుకోవడం వచ్చు.

జూన్ 19

మధ్యాహ్నం సంగటి, వంకాయ కూర పెట్టాను. కుడి పక్క ఉన్న సంగటి తిన్నాడు, కూర ముట్టలేదు. పైగా “మా, ఒట్టి సంగటి పెడ్తారా మనిషికి?” అని అత్తను అడిగాడు.

“కూర తట్టలోనే ఉండాది కదా,” అన్నాను.

వినలేదు. అత్త వచ్చి తట్టను తిప్పి పెట్టింది. “ఇది ముందే పెట్టింటే ఏమి?” అని మొత్తం ఊడ్చుకు తిన్నాడు. నేను వడ్డిస్తే కనపడని కూర వాళ్ళమ్మ చెయ్యి తగిలితే కనపడింది. అత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

జూన్ 22

మంచినీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. “రత్న ఇంకా రాల్యా?” అన్నాడు, నా ముందే, అత్తతో. ఎగతాళి! చెంబు ఠప్పుమని పెట్టి మంచం తలాపు చుట్టూ తిరిగి గోడపక్కకు పోయి మొహంలో మొహం పెట్టాను.

“ఓ, ఇప్పుడొచ్చినావా?” అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో!

“వచ్చి ఎన్నాళ్ళాయనో తెల్దా నీకు?”

నవ్వాడు. పని మీద మళ్ళీ ఇటు తిరిగి వచ్చేసరికి, “సూడు మా, వచ్చినట్టే వస్తాది, మాయమైతాది. యాడికి పోతాందో అడుగు,” అంటున్నాడు.

ఏమైతేనేం, నా పేరు ఎత్తాడు. కోపం తగ్గుతోంది.

జూన్ 27

ఆయనే గడ్డం గీసుకున్నాడు. కుడి చెంప నున్నగా ఉంది, ఎడమ చెంప అడవిలా ఉంది. మరిది ఓబుళప్ప పగలబడి నవ్వాడు. “అన్నా, ఇంగో చెంప రేపటికి పెట్టుకున్యావా?” అని. ఆయనకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఏం చెబుతున్నారో అర్థం కానట్టు చూశాడు. ఓబుళే కత్తి తీసుకుని రెండో చెంప గీశాడు. అన్నంటే ప్రాణం వాడికి. పక్క మగ్గం మీద నేస్తూ కూడా అన్న దగ్గు వినబడితే చెయ్యి ఆపుతాడు.

కోపం తగ్గుతోందని రాశాను కదా. తగ్గుతోంది.

జులై 2

ఈ రోజు మగ్గం ఎక్కుతానని పట్టుబట్టాడు. సావుకారు చీర సగంలో ఆగి ఉంది, పెళ్ళి చీర. సరేనని కూర్చోబెట్టాం.

పెళ్ళయిన కొత్తలో ఈ పని నాకు ఆయనే నేర్పాడు. అంచునూ ఒంటినీ వేరు వేరు పోగులతో నేసి కలిపే కుట్టు చీరకు, పేక పోగు మోసే నాడెలు మూడు. కుడి అంచు నాడె ఆయనది, ఎడమ అంచు నాడె నాది, నడుమ చీర ఒంటిని నేసే ఒంటి నాడె ఇద్దరిదీ. ఆయన ఒంటి నాడె విసిరితే ఎడమ పక్క కూర్చున్న నేను పట్టుకుని, అంచు పోగుతో మెలివేసి మళ్ళీ ఆయనకు పంపాలి. పన్నెండేళ్ళలో మేము మాట్లాడుకున్న మాటలకన్నా ఆ నాడె పోకలు రాకలే ఎక్కువ.

విసిరాడు. పట్టుకుని మెలి వేసేలోపే పోగును బిగించే పలక గట్టిగా దువ్వేశాడు. అంచు ఊడి పోగులు వేలాడాయి. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. కుడి అంచు మాత్రం ముత్యాల్లా వచ్చింది.

“నిదానం! నేను మెలెయ్యొద్దా?” అని అరిచాను.

ఆయన తల కుడి వైపు తిప్పాడు. ఎడమ పక్క కూర్చున్నది నేనైతే కుడి పక్కకు చూశాడు. అటు ఓబుళ మగ్గం ఉంది.

“రత్నా! ఆ మగ్గం కాడ నీకేం పని?”

“నేనాడ లేను, ఈడుండా!”

“ఇనబడ్తాంది కదే! ఓబుళ పక్కన కూసోని నాతో మాట్లాడ్తాండావు.”

ఓబుళ చేతిలో నాడె జారి గుంటలో పడింది. అత్త కండెలు చుడుతున్నదల్లా చెయ్యి ఆపింది.

జులై 4

రాయకూడదు. రాయకపోతే నాకు పిచ్చి పడుతుంది.

తెల్లవారగానే కేకపెట్టాడు. కుడి చేత్తో తన ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని మంచం మీద లేచి కూర్చున్నాడు. “ఎవుడో నా పక్కన పండుకోనుండాడు! చెయ్యి పట్టుకున్యా, తొందరగా రా మా!”

“అది నీ చెయ్యే కదప్పా,” అంది అత్త.

“నాదెట్లయితాది? నాకు తెల్దా నా చెయ్యి? నాడె పట్టి కాయ కాసిండాది చూడు, నేతగానిదే. ఇది ఓబుళ చెయ్యి.”

నేను ఆ చేతినీ ఆ భుజాన్నీ తాకి చూపించాను. ఇదిగో ఇక్కడ అతుక్కుని ఉంది, నీ ఒంటిదే అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు! “నువ్వు వాన్నే ఎనకేసుకొస్తావులే,” అన్నాడు.

ఓబుళ అరుగు మీద నుంచి లేచి వచ్చి గడప అవతల నిలబడ్డాడు, దుప్పటి ఇంకా భుజం మీదే ఉంది. అంతా విన్నాడు.

జులై 5

ఓబుళ ఇల్లు వదిలి పోయాడు. హిందూపురంలో ఎవరిదో మరమగ్గాల షెడ్డులో చేరతాడట. పక్కింటి హసీనాబీకి చెప్పి పోయాడు, మాకు చెప్పలేదు.

జులై 8

అత్త నన్ను వంటింట్లోకి రానివ్వడం లేదు. నేనూ ఊరుకోలేదు. “నీ కొడుక్కి మతి పోయింది, ఆ మాటలు పట్టుకుని నన్ను కాల్చుకు తింటావా?” అన్నాను.

అత్త అరవలేదు. అరిచి ఉంటే తట్టుకునేదాన్ని. మెల్లగా అంది: “మతి పోయినోడు పట్టు చేతిలోకి తీసుకోని తూకం చెప్తాడా? జరీ చూసి మంచిదో కాదో చెప్తాండాడు. నాయిన సచ్చిపోయిన తిథి చెప్తాడు. అన్నీ నిజం చెప్పేటోడు ఇదొక్కటే అబద్ధం చెప్తాడా, రత్నా?”

ఆ మాటే నన్ను చంపుతోంది. అన్నీ సరిగ్గా చెబుతున్నాడు. మొన్న రంగు వేసిన పట్టు చూసి ఉడుకు ఎక్కువైందన్నాడు, నిజంగానే ఎక్కువైంది. అలాంటి మనిషి చెబితే ఎవరు నమ్మరు? రేపు మా నాయన కూడా నమ్ముతాడు.

శ్రావణం రాకముందే నన్ను పుట్టింట్లో వదిలేసి వస్తానంది. కులపెద్దలకు చెప్పకుండా వదిలేయడమే తను నాకు చేసే మేలట.

జులై 9

ఓబుళను నేను ఏనాడూ అట్లా చూడలేదు. చూడలేదు. ఒక మాట రెండుసార్లు ఎందుకు రాశాను? ఎవరు చదువుతారని?

వాడికి చారులో ఉప్పు తక్కువ ఇష్టమని ముందే తీసి పెట్టేదాన్ని. అంతే. అది కూడా తప్పేనా?

జులై 12

ఆయన మధ్యాహ్నం చక్కగా పాత సంగతులు మాట్లాడాడు. కుడి పక్కన గోడకూ మంచానికీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను, అప్పుడు నన్ను చూస్తాడు, అది కనిపెట్టాను. మా పెళ్ళిలో వాన పడిన సంగతి చెప్పి నవ్వాడు. ఇంత బాగున్నవాడే ఆ మాట ఎట్లా అంటాడు?

“నన్ను హిందూపురం పంపుతాండారు,” అన్నాను.

“మళ్ళీనా? ఈ తూరి తొందరగా రా,” అన్నాడు.

జులై 16, పెనుకొండ

బాబయ్య దర్గాకు వచ్చాం. అత్త మొక్కుకుంది. హసీనాబీ తోడు వచ్చింది. నా రేకు పెట్టె కూడా వచ్చింది. దర్గా చూసుకుని అటే హిందూపురం బస్సెక్కి నన్ను దించేస్తారు. పెట్టె బస్సు మీద వేసేటప్పుడు కండక్టరు “ఊరికి పోతాండావామ్మా?” అని అడిగాడు. అవునన్నాను.

దర్గా ముందర ఆయన ఎడమవైపు వచ్చే ప్రతి మనిషికీ తగులుకుంటూ నడిచాడు. పూల బుట్ట ఒకటి తన్నేశాడు. అవతలివాళ్ళు తిడితే “మీద పడేది మీరు, తిట్టేది నన్ను!” అన్నాడు. పాపం, ఆయన నిజంగానే అట్లా అనుకుంటున్నాడు. నాకు మొదటిసారి కోపం కాకుండా భయం వేసింది.

ఊదు పొగ తగిలించుకుని కూర్చున్నాక హసీనాబీ అత్తతో అంది: “బాబయ్య పని బాబయ్య చేస్తాడు అంజనమ్మక్కా. డాక్టరు పని డాక్టరు చేయల్ల. మా తమ్ముడు చాంద్ హిందూపురంలో కాంపౌండరు కదా, వాళ్ళ కాడికి బెంగుళూరు నుంచి నరాల డాక్టరు నెలకోతూరి వస్తాడంట. ఎల్లుండి వస్తాండాడు. ఎట్లాగూ ఆ ఊరికే పోతాండారు, చూపిచ్చండి.”

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. “చూపిస్తే నా కోడలి బుద్ధి మారుతాదా?” అంది. అయినా తలూపింది.

జులై 18, రాత్రి

రెండు రాత్రులు దర్గాలోనే పడుకుని, పొద్దున హిందూపురంలో దిగి నా పెట్టె బస్టాండు కొట్లో పెట్టి డాక్టరు దగ్గరికి పోయాం. జరిగింది జరిగినట్టు రాయాలి.

డాక్టరుకు కన్నడం కలిసిన తెలుగు. చాంద్ కబురు పెడితే ఓబుళ కూడా వచ్చాడు, చిక్కిపోయాడు. అత్త వాడిని చూసి కళ్ళు తిప్పుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

డాక్టరు ఆయన ముందు బల్ల మీద ఒక పురికోస పొడుగ్గా పరిచి, సరిగ్గా నడుమ ముడి వేయమన్నాడు. కళ్ళు మూసుకుని కూడా పడుగు నడిమి చూపించే మనిషి. తీసుకుపోయి కుడి కొనకు దగ్గరగా ముడి పెట్టాడు. “ఇదే నడుమ,” అన్నాడు ధీమాగా. తర్వాత కాగితం ఇచ్చి చీర మీద వేసే బుటా గీయమన్నాడు. ఎంత అందంగా గీశాడో, కుడి సగం! ఎడమ సగం ఖాళీ. “అయిందా?” అని డాక్టరు అడిగితే “అయింది సామీ,” అన్నాడు.

అత్త ముందుకు వంగి ఆ కాగితం చూసింది.

డాక్టరు ఆయన ఎడమ చేతిని ఎత్తి కళ్ళ ముందుకు, కుడి పక్కకు తెచ్చాడు. “ఇది ఎవరి చెయ్యప్పా?”

“మా తమ్మునిది.”

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. డాక్టరు ఓబుళను పిలిచి ఆయన కుడి పక్కన నిలబెట్టాడు. రెండు చేతులూ పైకెత్తమన్నాడు. “ఈ చేతులు ఎవరివి?”

“అవీ మా తమ్మునివే.”

“అట్లయితే నీ తమ్మునికి ఎన్ని చేతులు?”

ఆయన ఓబుళ చేతులు చూశాడు. డాక్టరు పట్టుకున్న చెయ్యి చూశాడు. పడుగు పోగులు లెక్కపెట్టేటంత శ్రద్ధగా చూశాడు.

“మూడు,” అన్నాడు.

ఓబుళ చేతులు అట్లాగే పైకెత్తి ఏడ్చాడు. అత్త నేల మీద కూలబడి, “వానికి బుద్ధి పాయనా సామీ?” అంది.

“బుద్ధి అంతా ఒకే చోట ఉండదమ్మా,” అన్నాడు డాక్టరు. మెదడు పైపొరలో ఒక్కో తావుకు ఒక్కో పని అప్పజెప్పి ఉంటుందట. చూపుకు వెనక పక్క, మాటకు చాలామందికి ఎడమ పక్క, చేతుల కదలికకు నడి నెత్తిన ఇటూ అటూ. ఎడమ చెయ్యి పని కుడి మెదడు చూస్తుంది, కుడి చెయ్యి పని ఎడమ మెదడు. కుడి పక్క వెనగ్గా ఒక తావు ఉందట, ఎడమ వైపు కూడా ఒక లోకం ఉంది అని మనిషికి ఎప్పుడూ గుర్తు చేస్తూ ఉండేది అదేనట. ఈయనకు నెత్తురు ఆగి చెడిపోయింది ఆ తావు. కన్ను బాగుంది, చెవి బాగుంది, జ్ఞాపకం బాగుంది. ఎడమ మాత్రం లేదు.

“మరి లేదని వానికి తెల్దా?” అంది అత్త.

“తెలియజేయాల్సిన తావే చెడిపోయిందమ్మా. అబద్ధం చెప్పడం లేదు. చెయ్యి కనిపిస్తాంది, తనదని తెలియదు. ఎవరిదో ఒకరిది కావల్ల కదా, దగ్గరోళ్ళ పేరు చెప్తాడు.”

నాకు మగ్గం మీద పువ్వు దించే జాకార్డు చిల్లుల అట్టలు గుర్తొచ్చాయి. ఒక వరస అట్టలు చినిగిపోతే ఆ పక్క పువ్వు రాదు, మిగతా చీర మాత్రం ఏమీ జరగనట్టు నేసుకుపోతుంది. మగ్గం ఆగదు, చప్పుడు మారదు. అత్త అడిగిన ప్రశ్నకు ఇదీ జవాబు. ఈ జవాబు కోసం ఎన్ని రోజులు చచ్చాను!

ఇంకో మాట చెప్పాడు. ఆ పైపొర మీద ఒళ్ళంతా పటం గీసినట్టు ఉంటుందట, అందులో చేతివేళ్ళకూ పెదాలకూ బోలెడంత చోటు, అంత పెద్ద వీపుకు కాస్తంతే. నేత వేళ్ళకు ఎంత చోటు పట్టి ఉంటుందో అనుకుని ఆయన వేళ్ళు చూశాను.

కొంత తిరిగి రావచ్చు, అంతా రాకపోవచ్చు అన్నాడు. ఎడమ వైపు నుంచే పిలవండి, వెతుక్కోనివ్వండి, మీరే కుడి పక్కకు పరుగెత్తకండి.

బయటికొచ్చాక అత్త నన్ను క్షమించమని అడగలేదు. అడిగే మనిషి కాదు. బస్టాండులో నా పెట్టె దగ్గరికి పోయి, “ఓబుళా, మీ వదిన పెట్టె మన ధర్మవరం బస్సు మీద ఎయ్యప్పా,” అంది. వాడు వేశాడు, వాడి గుడ్డల మూట కూడా పక్కనే వేశాడు.

బస్సులో ఆయన ఎడమ పక్క కూర్చున్నాను. సోమందేపల్లి దాటాక ముందు సీటులోని వాళ్ళమ్మ భుజం తట్టి, “రత్నను హిందూపురంలోనే ఇడిసిపెట్టి వస్తిమా? ఒక మాటైనా చెప్పల్యా నాకు,” అన్నాడు.

నింద పోయింది. నేను మాత్రం ఇంకా లేను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

జులై 24

ఎడమ నుంచి పిలుస్తున్నాను. కుడికి చూస్తున్నాడు. ఓబుళ ఇప్పుడు ఆ పక్కన కూర్చోడు. పోయి అన్న కాళ్ళ దగ్గర కూర్చుంటాడు.

జులై 29

పిలిచాను. చూడలేదు. తట్ట తిప్పకుండా పెట్టాను. ఆకలితో లేచాడు. అత్తా నేనూ చెరో పక్కన ఏడ్చాం, తట్ట మాత్రం తిప్పలేదు.

ఆగస్టు 2

మగ్గం ఎక్కించాను. సావుకారు ఇంక ఆగనన్నాడు, చెడిన కాడికి విప్పి నేయాలి. అది సాకు. నాకు వేరే పని ఉంది.

ఒంటి నాడె విసిరాడు. పట్టుకుని, మెలేసి, పంపాను. ఆయన కుడి చెయ్యి దానంతట అదే పట్టుకుంది. అట్లా కాసేపు సాగింది.

“మా, నాడె ఎవురు పంపుతాండారు?” అన్నాడు.

అత్త నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఈసారి నాడె నా దగ్గరికి రాగానే, నా అంచు పక్కన పేక పోగు పుటుక్కున తెంపేశాను. పన్నెండేళ్ళలో కావాలని పోగు తెంపడం ఇదే మొదలు. కొన వేళ్ళ మధ్య పట్టుకుని, నాడె వట్టిగా పంపించాను.

నాడె చేతికి తగలగానే వెనక పోగు బిగువు లేదని తెలిసిపోయింది ఆయనకు. “పోగు తెగింది,” అన్నాడు. “తెగింది యాడ?”

నేను పలకలేదు. తెగిన పోగును వదిలి పలక దువ్వే నేతగాడు లేడు. కొన దొరికేదాకా వేలితో తడుముకుంటూ పోవాల్సిందే, ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం అది. కుడి అంచు దగ్గర పేక మీద వేలు పెట్టాడు. వేలు కదిలింది. ఒంటి మీదుగా వచ్చింది, నడుమకు వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఆయన లోకం అక్కడితో ఆఖరు. ఇటు రా స్వామీ, ఇంకొంచెం రా, అని లోపల అరుస్తున్నాను.

పోగును చిన్నగా లాగి చూశాడు. అది వదులుగా కదిలింది, ఇంకా అవతల ఉందన్నమాట. వేలు నడుమ దాటింది. వేలి వెనక భుజం వంగింది, భుజం వెనక తల తిరిగింది. బుటాల మీదుగా, ఒక్కో పోగే తడుముతూ, అంచు దాకా వచ్చాడు.

“థూ! ఈ అంచు ఇంత గబ్బుగా ఎవురు నేసినారు?”

“నేనే,” అన్నాను.

వేలు నా వేళ్ళకు తగిలింది. గాజులు తడిమాడు. తల ఇంకా తిప్పి, కళ్ళు చిట్లించి, దూరంగా వస్తున్న మనిషిని ఆనవాలు పట్టినట్టు నా మొహం చూశాడు.

“రత్నా! ఎప్పుడొచ్చినావే?”

“నేను యాడికీ పోల్యా. ఈడ్నే ఉండా.”

కుడి చెయ్యి నా మణికట్టు మీదే ఉంది.

“అట్లయితే నేనే పోయింటినేమో,” అన్నాడు.

తెగిన పోగుకు ఒక కొన ఆయన పట్టుకున్నాడు, ఒక కొన నేను పట్టుకున్నాను. బూడిద అద్ది ఇద్దరం కలిసి పురి పెట్టాం.